పదమూడు చెంచాల సీసా

బ్రూస్‌పేట తెలుగు చర్చిలో వేసవి బైబిలు బడి అంటే పిల్లలకు పాటల కంటే ముందు గుర్తొచ్చేది జయశీలమ్మ షర్బతు. పది రోజులు, నూట ఇరవై మంది పిల్లలు, నీలం డ్రమ్ము నిండా ఎర్రటి తియ్యటి నీళ్లు. ఒక్కో రోజు ఖర్చు ఒక్కో కుటుంబానిది. పుట్టినరోజు పేరునో, పోయినవాళ్ల జ్ఞాపకార్థమో ఇస్తే, ఆ పేరును పాస్టరు అయ్యగారు అందరి ముందూ చదివి ప్రార్థన చేసేవారు. గరిటె మాత్రం ఇరవై రెండు ఎండాకాలాలుగా జయశీలమ్మదే. ఏడాది పొడుగునా రవికెలు కుట్టే ఆ మనిషి ఆ పది రోజులూ కుట్టుమిషను వైపు చూసేది కాదు.

అలాంటి జయశీలమ్మ ఏప్రిల్లో ఒక పొద్దున పళ్ల డాక్టరు ముందు ప్రశ్నలు అడగడం మాని జవాబులు చెప్పాల్సి వచ్చింది. అది ఎప్పుడో గాని జరగని సంగతి. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ల బోరు ఎన్ని అడుగులు పోయిందో, వాళ్ల చిన్న కోడలికి ఎన్నో నెలో దిగేలోపు రాబట్టగల మనిషి ఆమె.

కుర్చీలో మనవరాలు జాయ్స్, ఆరేళ్లది. ముందు పళ్లు నాలుగు నల్లటి మొండులైపోయాయి. చిగురు వాచి బిడ్డ మూడు రోజులుగా అన్నం ముట్టలేదు.

"పాప దినమంతా ఏం తాగుతాదమ్మా?" అని హిమజ డాక్టరు అడిగింది.

తల్లి కెరోలిన్ నోరు తెరిచేలోపే జయశీలమ్మ అందుకుంది. "గ్యాసు కూల్‌డ్రింకు ముట్టనియ్యము డాక్టరమ్మా, బిల్కుల్ లేదు. మామిడిపండుదే పోస్తాము. బడికి ఒక సీసా, ఇంటికొచ్చినాక ఇంత. పాలు తాగదు గదా, పండన్నా కడుపులోకి పోనీ అని."

"అది పండు కాదమ్మా, చక్కెర నీళ్లలో రవంత పండు. దినమంతా గుక్క గుక్క తాగితే పళ్లను చక్కెరలో నానేసినట్లే. ఒళ్లు పెరిగేదానికి, పెద్దయినాక షుగరు వచ్చేదానికీ అదే దారి. పోయినవి పాలపళ్లు, పోనీ. కింద కొత్తవి వస్తాండాయి. ఇదే అలవాటు సాగితే అవీ పుచ్చిపోతాయి. అవి పోతే ఇంక రావు."

ఆటోలో కెరోలిన్ ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టి ఉంటే జయశీలమ్మకు తేలికయ్యేది. ఏడాదిగా ప్రతి పొద్దునా ఆ సీసా నింపి సంచిలో పెట్టింది అత్త చేతులే. ఇప్పుడు అవే చేతులతో మే నెలలో నూట ఇరవై మందికి గరిటె తిప్పాలి. ఆ నూట ఇరవైలో జాయ్స్ కూడా ఉంది.

సందు మొదట్లోనే ఆటో ఆపించి, కిరాణా అంగడి గాదిలింగప్ప ముందు నిలబడింది.

"గాదిలింగప్పా, ఆ మామిడి సీసా తియ్యి. నీ కండ్లద్దాలు పెట్టుకోని ఆ చిన్నక్షరాలు చదువు. చక్కెర ఎంత ఉండాది?"

ఆయన సీసాను వెలుతురుకు తిప్పి చదివాడు. "నూరు మిల్లీకి పదమూడు గ్రాములు. ఏమక్కా, సీసాకు సంబంధం చూస్తాండావా?"

"ఎగతాళి చాలు. సీసా అర లీటరు. అంటే ఐదు పదమూళ్లు. అరవై ఐదు గ్రాముల చక్కెర తూచప్పా."

ఐదో తరగతితో ఆగిన చదువైనా ఎక్కాలు మరిచిపోలేదు. తూచిన చక్కెరను ఆమె చిన్న చెంచాతో ఒక్కొక్కటే తీసి కాగితం మీద కుప్పలు పెట్టింది. పదమూడు కుప్పలు.

"హౌదా, నిజమేనా?" అని గాదిలింగప్ప తక్కెడ వైపు ఇంకోసారి చూశాడు. "ఇన్నేండ్లుగా అమ్ముతాండా, నాకే తెల్దు."

"తెలిసింటే అమ్మవా?"

"అమ్ముతా. మా ఇంటికి మాత్రం తీసుకపోను."

బడి మొదలయ్యే ముందు శనివారం సాయంత్రం తల్లిదండ్రులంతా చర్చిలో కూడారు. ఈ ఏడు షర్బతు లేదు, మజ్జిగ చేస్తానని జయశీలమ్మ చెప్పగానే సంఘపెద్ద నెహెమ్యా లేచి నిలబడ్డాడు. కుడతిని కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఏటా మొదటి రోజు ఆయనదే, చనిపోయిన భార్య పేరున.

"ఏమ్మా జయశీలా! నా ఆడమనిషి పేరు చదివించి మజ్జిగనీళ్లు పోస్తావా? నెహెమ్యాకు మూటెడు చక్కెరకు గతి లేకపాయనే అనుకోరా జనం?"

వెనక బెంచీ నుంచి ఒక తల్లి గొంతు కలిపింది. "పది దినాలు తాగితే ఏమైతాదక్కా? మీ పాపకు పళ్లు పోతే మా పిల్లోళ్లకు తీపి బందా?"

నవ్వులు లేచాయి. జయశీలమ్మ ఆ తల్లి వైపు తిరిగింది.

"నిజమే తల్లీ. మా పాప పళ్లు పోయినాయి. నా చేత్తోనే పోయినాయి. పండు రసమని దినమూ నేనే పోసినా." తర్వాత బెంచీలన్నిటి వైపూ చూసింది. "మీ ఇండ్లలో ఇదే సీసా ఉండాదని నాకు తెలుసు. ఉండాదా లేదా మీరే చూసుకోండి. నెహెమ్యన్నా, నువ్వు ఏటా చక్కెర మూట ఇచ్చినావు. ఒక్కసారన్నా కలిపినావా? ఈపొద్దు కలుపు."

బల్ల మీద అర లీటరు నీళ్ల చెంబు, నిమ్మకాయ, చక్కెర డబ్బా, చెంచా, పక్కన మామిడి సీసా పెట్టింది. "ఈ సీసా అంత తీపి వచ్చేదాకా వెయ్యన్నా."

నెహెమ్యా నిమ్మకాయ పిండి, మూడు చెంచాలు వేసి నాలుక తడిపాడు. "బాగానే ఉండాదే."

"సీసాది ఒక చుక్క చూడు."

చూశాడు. ఇంకో మూడు వేశాడు. చాల్లేదు. తొమ్మిదో చెంచా వేసి ఆగిపోయాడు. జేబులో షుగరు మాత్రలు పెట్టుకుని తిరిగే మనిషి ఆయన.

"నా టీలో ఒక్క చెంచా వేసుకుంటే డాక్టరు కొట్టేటట్లు చూస్తాడు. ఇంకా ఎన్నుండాయమ్మా?"

"నాలుగు."

చెంచా డబ్బాలో పడేసి ఆయన చెంబును పక్కకు నెట్టాడు. "మజ్జిగకే చదివించండి ఆమె పేరు. కానీ పెరుగు గట్టిగా ఉండాల. నీళ్లు ఎక్కువ పోసినావంటే చూడు జయశీలా!"

ఆ తర్వాత తల్లులు, తండ్రులు వరసకట్టి తలా ఒకసారి చెంబు కలిపి చూశారు. వెనక బెంచీ తల్లి మాత్రం తన కొడుకు సంచిలోంచి తొంగిచూస్తున్న పసుపుపచ్చ సీసాను మెల్లగా కొంగు కిందికి లాక్కుంది.

పెద్దలను గెలిచినంత మాత్రాన పిల్లలు లొంగుతారా? సోమవారం మజ్జిగ డ్రమ్ము ముందు ఒక్కొక్కడూ మొహం చిట్లించాడు. "ఎర్రది యాడ అవ్వా?" అని అడిగినవాళ్లే అందరూ. సగం డ్రమ్ము అట్లే మిగిలింది. భార్య పేరు చదివిన మజ్జిగ చెట్ల మొదళ్లలోకి పోతుంటే నెహెమ్యా చూసి తల తిప్పుకున్నాడు. రేపు కూడా ఇట్లే అయితే ఎల్లుండికి ఎర్ర నీళ్లే వస్తాయని జయశీలమ్మకు తెలుసు.

అయినా ఆమె తన పాత విద్య మానలేదు. గేటు దగ్గర నిలబడి పోయేవాళ్లందరినీ ఆపి, ఎందుకు తాగలేదని అడిగింది. రంగు లేదని ఒకడు. జీలకర్ర తగులుతుందని ఒకతె. ముక్కు చీదుతూ ఒక బుడ్డోడు మాత్రం, "నువ్వు కలిపేటప్పుడు మమ్మల్ని దగ్గరికే రానియ్యవు గదవ్వా," అన్నాడు.

జయశీలమ్మ ఆ మాటను ఒడిసి పట్టుకుంది.

మంగళవారం డ్రమ్ము లేదు. తరగతికొక కొత్త కుండ, ఒక కవ్వం, ఇంటికో గిన్నె చొప్పున వచ్చిన పెరుగు. చేతులు కడుక్కుని రండి, ఎవరి కుండలో నురుగు ఎక్కువొస్తే వాళ్లే గెలిచినట్లు అంది. అంతే, చర్చి ఆవరణ సంతయింది. "మాది పొంగుతాండాదిరో!" "ఏయ్, నీ వంతు అయిపాయ, కవ్వం ఇడువు!" ముందు పళ్లు లేని బోసి నోటితో జాయ్స్ అందరికంటే గట్టిగా అరిచింది. ఎవరు చిలికిన మజ్జిగ వాళ్లు తాగారు. తర్వాత పక్క కుండవాళ్లది దొంగిలించి తాగారు. పదకొండు కొట్టేసరికి కుండలన్నీ బోర్లించినా చుక్క రాలలేదు.

నెహెమ్యా గ్లాసు పట్టుకుని వచ్చాడు. "నాకు లేదా?"

"తొందరగా రావాలప్పా. ఈడ పెద్దరికం చెల్లదు!"

ఆ గోలలోనే కెరోలిన్ వచ్చి అత్త పక్కన కుండలు కడగడానికి కూర్చుంది. "అత్తా, రేపటికి మన ఇంట్లో రెండు గిన్నెలు తోడేస్తా," అంది. ఏప్రిల్ తర్వాత ఆమె తనంతట తానుగా అన్న మొదటి మాట అది. జయశీలమ్మ కళ్లు తుడుచుకుని, పొయ్యి లేకపోయినా పొగ మీదికి నెట్టింది.

పది రోజులూ ఎర్ర చుక్క గేటు దాటి రాలేదు. ఆఖరి దినం ఏటా కూల్‌డ్రింకు సీసాల పెట్టెలు దించే తండ్రులు ఈసారి ఆటో నిండా కలింగర పుచ్చపండ్లు దించారు.

అక్టోబరులో హిమజ డాక్టరు దీపం వంచి జాయ్స్ నోట్లోకి చూసింది. జొన్నగింజల్లాంటి కొత్త పళ్లు రెండు. "ఒక్క మచ్చ లేదమ్మా."

"ఏదీ, నన్ను చూడనీ," అని జయశీలమ్మ డాక్టరును పక్కకు జరిపి, ఆ చిన్న అద్దం లాక్కుని, తనే పైనా కిందా, ముందూ వెనకా చూసింది. చూసి, ఆసుపత్రి అంతా వినిపించేలా "స్తోత్రం!" అని కేకేసింది.

బయటికొస్తుంటే వరండాలో ఒక చిన్న వయసు తల్లి, ఒళ్లో పిల్లాడు, వాడి చేతిలో పసుపుపచ్చ సీసా.

"మీరు పోతాండండి కెరోలిన్, నేను నిదానంగా వస్తా," అంటూ జయశీలమ్మ ఆ బెంచీ మీద చోటు చేసుకుని కూర్చుంది. "ఏమ్మా, యా ఊరు మీది? కూరెకుప్పనా? ఎంతమంది పిల్లోళ్లు?"