బంతిలోంచి లేచిన రోజు

మా బాపు పాడె మోసిన నలుగురిలో మా కులం వాడు ఒక్కడూ లేడు. కోరుట్లలో మా వాడకట్టు మలుపు మీద సైకిళ్ల దుకాణం నడిపే ముస్లిం పెద్దాయన, ఆయన తమ్ముళ్లిద్దరు, వాళ్ల దోస్తు ఒకడు మోశారు. నేను నిప్పుకుండ పట్టుకొని ముందు నడిచాను. వాడ నిండా మా సాలె ఇళ్లే. అందరూ తలుపులు వేసుకున్నారు. కులపెద్ద మాత్రం తన అరుగు మీద కూర్చొని, పాడె ఎదురుగా పోతుంటే లేవకుండా, నోట్లో చుట్ట తీయకుండా చూశాడు.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడు నుంచి ఏ రోజుది ఆ రోజు డైరీ రాసే అలవాటు ఉంది. ఈ సంగతికి మాత్రం వాటిని తిరగెయ్యాల్సిన పని లేదు.

బాపు చేసిన నేరం ఏమిటంటే, అత్తగారింటి నుంచి వచ్చిన బిడ్డను తిరిగి పంపలేదు. అక్కను సిరిసిల్లకు ఇచ్చాం. బావకు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పని. తాగితే ఏది చేతికి దొరికితే దానితో కొట్టేవాడు. ఒకనాడు అక్క కట్టుబట్టలతో బస్సెక్కి వచ్చింది. సిరిసిల్ల వాళ్లు వెనకనే వచ్చి మా కులపెద్ద ఇంటి ముందు పంచాయితీ పెట్టించారు.

"పంపుతవా, పంపవా?" అన్నాడు కులపెద్ద.

"పంప, అన్నా."

"ఎందుకు పంపవురా? గిట్ల ఒక్కొక్కని బిడ్డ ఇంటికొచ్చి కూసుంటే కులం ఉంటదా?"

"నా బిడ్డ ఈపు సూడమను మీ ఆడోళ్లను. గప్పుడు అడుగు."

"ఈపులు సూసి నాయం చెప్పే కాలమొచ్చెనా? మా తాతలు నోటితోనే చెప్పిన్రు."

అందరూ నవ్వారు. బాపు ఆ నవ్వులోంచి లేచి వచ్చేశాడు. పంచాయితీ ముగియకముందే లేవడం రెండో తప్పు. ఆ పూటే మమ్మల్ని వెలివేశారు. బిడ్డను పంపి, కులానికి బువ్వ పెట్టి, తప్పు ఒప్పుకునేదాకా మా గడప ఎవరూ తొక్కకూడదు.

వెలి అంటే పెండ్లిళ్లకు పిలవకపోవడం ఒక్కటే అనుకుంటారు తెలియనివాళ్లు. మాది చేనేత. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు పోగులను, వీధి పొడుగునా చాపి, గంజి పట్టించి, అది ఆరకముందే కుంచెలతో దువ్వాలి. ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. అందుకే మా వాడలో ఒకరి పడుగుకు ఒకరు పొద్దున్నే వచ్చి చెయ్యివేసేవారు. మా పడుగుకు రావడం మానేశారు. నాకు అప్పుడే జగిత్యాలలో సర్కారు కచేరీలో ఉద్యోగం దొరికింది. సెలవు దొరికినప్పుడే వచ్చేవాణ్ని. బాపు, అవ్వ, అక్క ముగ్గురూ ఈ కొసకూ ఆ కొసకూ ఉరికేవారు. వాళ్లు చేరేలోపల ఎండకు గంజి బిగిసి పోగులు ఒకదానికొకటి అంటుకునేవి. ఇంటి ముందు కూర్చున్నవాళ్లు చూసేవారు. చేతులు ఊరకనే ఉండేవి వాళ్లకు. బాపు ఛాతీ అంతకుముందే బాగుండేది కాదు. అట్లా ఉరికి ఉరికి మంచం పట్టి, లేవలేదు. తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

తర్వాత అన్నల కాలం, అదే నక్సలైట్ల కాలం వచ్చింది. గోడల మీద ఎర్ర రంగుతో రాతలు వెలిశాయి. కుల పంచాయితీలు బంద్, దండుగల వసూళ్లు బంద్ అని. పోలీసులు సున్నం కొట్టించేవారు. వారం తిరగకముందే ఆ సున్నం మీదే మళ్లీ రాసి ఉండేది. కులపెద్ద ఆ గోడ ముందు నుంచి తల వంచుకొని పోతున్నాడని అవ్వ చెబితే సంతోషించాను. కానీ అది నాకు చాలలేదు. భయపడి నోరు మూసుకున్నవాడు తాను చేసింది తప్పని ఒప్పుకున్నట్టు కాదు.

అంతలో కులపెద్ద బిడ్డ అత్తగారింటి నుంచి వచ్చేసింది. అవే దెబ్బలు, అదే బస్సు. ఆయన ఆమెను పంపలేదు. ఏడాదిలోపే కథలాపూర్ దిక్కు సంబంధం చూసి మారుమనువు ఖాయం చేశాడు. ఎవరూ పంచాయితీ పెట్టలేదు.

మనుషులు కట్టుబాటు ఎందుకు దాటుతారని కచేరీలో కూర్చొని చాలామంది గొప్పగా మాట్లాడగా విన్నాను. మా వాడలో దాటినవాళ్లు ఇద్దరు. ఇద్దరూ బిడ్డ వీపు చూసే దాటారు. కులపెద్దకు కారణం అర్థమైనందుకు నాకు జాలి కలగాలి. కలగలేదు. అర్థం చేసుకునే శక్తి ఆయనకు మొదటి నుంచీ ఉందని తెలిసి ఇంకా మండిపోయాను.

పెండ్లికి పిలవడానికి ఆయనే జగిత్యాల వచ్చాడు. కచేరీ బయట చాయ్ హోటల్‌లో కూర్చున్నాం.

"తమ్మీ, అవ్వను, అక్కను తీస్కొని రావాలె. బంతిల నువ్వు నా పక్కన కూసోవాలె."

"మా మీది వెలి తీసేసిన్రా కాకా?"

"వెలి ఏడున్నది ఇప్పుడు? అన్నలు గోడల మీద రాసిరి గదా. వాళ్ల మాట కాదనెటోడు ఎవడు?"

"అయితే నలుగుట్ల ఒక్క మాట చెప్పు. మా బాపు తప్పు చెయ్యలేదని."

"సచ్చినోని ముచ్చట పెండ్లింట్ల ఎందుకు తమ్మీ? చాయ్ చల్లారుతంది, తాగు."

ఆయన ఎందుకొచ్చాడో నాకు తెలుసు. మేము కులంతో పాటు బంతిలో కూర్చొని తింటే పాత సంగతి మాసిపోయినట్టే. ఇక ఆయన బిడ్డ గురించి నోరెత్తేవాడు ఉండడు. మాఫీ అడగకుండా మాఫీ తీసుకోవడానికి వచ్చాడు. వస్తానన్నాను.

మా కులంలో బంతి మర్యాద ఒకటుంది. వడ్డన అయ్యాక కులపెద్ద "కానియ్యున్రి" అంటేనే అందరూ చెయ్యి పెట్టాలి. ఆలోపల ఒక్కడు లేచినా బంతి అంతా లేవాలి. లేచిన విస్తరి ముందు మళ్లీ కూర్చోకూడదు. అన్నలు దండుగలు ఆపారు గానీ, ఈ మర్యాదను ఎవరూ ఆపలేదు.

పెండ్లినాడు పట్టపగలు, పందిరి కింద మొదటి బంతి. మోదుగాకు విస్తర్లలో అన్నం, పప్పు, మేక కూర వడ్డించారు. కులపెద్ద నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, చుట్టూ ఒకసారి చూసి, నోరు తెరిచాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఏమైంది తమ్మీ? కూసో, కూసో."

నేను కూర్చోలేదు. నా అవతలివాడు కూర వైపు ఒకసారి చూసుకొని లేచాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ లేచారు. వెనక నుంచి ఎవరో ముసలాయన, "ముక్కలు మంచిగున్నయిరా, నాశనం చేస్తివి" అని గొణిగాడు. చివరికి కులపెద్ద ఒక్కడే కింద మిగిలాడు. ఆయన కూడా మోకాళ్లు పట్టుకొని లేవక తప్పలేదు.

"నా పరువు తీస్తవారా?"

"మా బాపు తప్పు చేసిండా, చెయ్యలేదా? గా ముక్క చెప్పు కాకా."

ఆయన మగపెండ్లివారి వైపు చూశాడు. మగపెండ్లివారు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు గడపలోంచి పెండ్లిపిల్ల, నొసట బాసింగంతో, తండ్రిని పిలిచింది.

"చెప్పు బాపూ. ఆయన తప్పు చేస్తే నువ్వు గూడ చేసినట్టే."

"చెయ్యలేదు" అన్నాడాయన.

"వినవడలే" అన్నాను.

"నీ బాపు తప్పు చెయ్యలేదురా! మేమే చేసినం. సాలునా?"

నాకు చాలలేదు. ఆయన కండ్లల్లో నీళ్లు చూశాను. చూడాలనే చూశాను. కొత్త విస్తర్లు వేస్తున్నా నేను కూర్చోలేదు. పోదామని ఆడవాళ్ల వైపు తిరిగి అవ్వను పిలిచాను.

"నువ్వు తినకు. నీ పంతం నీది" అన్నది అవ్వ. "నాకు ఆకలైతంది. నేను తింట. వడ్డించెటోడు ఆయినే గావాలె."

"నేను వడ్డిస్త అక్కా" అంటూ కులపెద్ద భార్య వచ్చింది.

"నువ్వు గాదు చెల్లె. నువ్వు మంచిదానివి."

అవ్వ కొత్త విస్తరి ముందు కూర్చుంది. కులపెద్ద పప్పు బకెట్ పట్టుకొని వచ్చి, వంగి, గరిటెడు వేశాడు. అవ్వ చెయ్యి అడ్డం పెట్టలేదు.

"గంతేనా? ఇంకింత."

మళ్లీ వంగాడు. ఆ తర్వాత అన్నం అడిగింది. కూర అడిగింది. కూరలో ముక్క రాలేదని మళ్లీ వెయ్యమన్నది. ఇంట్లో పిడికెడు మెతుకులతో పూట గడిపే మనిషి, విస్తరి అంచులు దాటి పోతున్నా అడుగుతూనే ఉంది. వంగిన ప్రతిసారీ ఆయన నడుము పట్టుకొని లేస్తున్నాడు. సాయం వచ్చిన పిలగాళ్లను అవ్వ చూపుతోనే ఆపింది.

"ఇగ సాలు అవ్వా" అన్నది అక్క, పక్కన నిలబడి.

"నువ్వు గూడ కూసో బిడ్డా" అన్నది అవ్వ.

అక్క కూర్చుంది. కులపెద్ద బకెట్ కింద పెట్టి, ఇంకో విస్తరి కోసం లోపలికి పోయాడు.