పాతర అంచు జొన్నలు

కేతేపల్లి పక్కన ఉన్న ఆ చిన్న ఊళ్లో జొన్న పాతర తెరవవలసి వస్తే పెద్దులునే పిలిచేవారు. నేలలో తవ్విన లోతైన గుంతలోకి దిగి, నిల్వ ఉంచిన గింజలను పైకి అందించడం అతని తాతల నాటి నుంచి వస్తున్న పని. నడుమ గింజలు ఆసామివి. వాన చెమ్మకు గోడల వెంట నల్లబడి బూజు పట్టినవి మాత్రం దిగినవాని హక్కు. భార్య అండాలు వాటిని కడిగి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి రొట్టెలు చేసేది. కడిగితే దోషం పోతుందని దంపతుల నమ్మకం.

1989 వానకాలంలో పెద్దులు కాళ్లు, ముఖం ఉబ్బాయి. నల్లగొండలోని డాక్టరు పరీక్షలు చేయించి, మూత్రపిండాలు చాలావరకు చెడిపోయాయని తెలిపాడు. తిండి సంగతి విన్న మీదట, బూజులోని విషమే కారణం కావచ్చుననీ, అది కడిగినా కాల్చినా పోదనీ, ఇంట్లో ఎవరూ ఆ గింజలు ముట్టరాదనీ గట్టిగా చెప్పాడు.

తిరుగు బస్సులో అండాలు మెల్లగా అన్నది: "నా కాళ్ల కడియాలు గూడ బిగుసుకుంటున్నయయ్యా."

పెద్దులు వాటివైపు చూసి, ఊరు వచ్చేదాకా తల ఎత్తలేదు.

దసరా వెళ్లాక ఊరి ఆసామి కృష్ణయ్య పటేలు తన పాతర తెరిపించాడు. పెద్దులు ఆయాసపడుతూనే దిగి, గింజలన్నీ అందించి పైకి వచ్చాడు.

"పటేలా, గీసారి నాకు నడుమ గింజలు ఇయ్యుండ్రి."

"ఏందిరా, ఇంటికి కొత్తల్లుడు వస్తున్నడా?" కృష్ణయ్య నవ్వాడు. "మీ నాయిన, మీ తాత గవ్వే తినలేదా?"

"తిన్నరు. ఇద్దరూ గిట్లనే ఉబ్బి సచ్చిపోయిండ్రు."

అన్న తరువాతనే ఆ మాటకు అర్థమేమిటో పెద్దులుకు తెలిసింది. కృష్ణయ్య నవ్వు ఆగిపోయింది. ఒక సంచి మంచి జొన్నలు ఇప్పించాడు.

గింజలు తూర్పారబట్టడానికి కూలికి వచ్చిన కౌసల్య, పెద్దులు వదిలేసిన నల్లని గింజల కుప్పను గంపకెత్తసాగింది.

"వద్దు చెల్లె. గవి తినే నేను గిట్లయిన."

"నీకు మంచియి దొరికినయి, చెప్తవన్నా. నేనేం తినాలె?"

పెద్దులు కృష్ణయ్య వైపు చూశాడు. ఆయన పాతర మీద బండ సరిచేయించే పనిలో ఉన్నాడు. పెద్దులు సంచి దించి, మూతి విప్పాడు.

"గంప కుమ్మరించి, కొంగు పట్టు."

ఆమె కొంగు పట్టింది. మంచి గింజలు ముడివేసుకున్నది. గంపను మాత్రం కుమ్మరించకుండానే నెత్తికెత్తుకుని ఇంటిదారి పట్టింది.