చీర కింద ఆరిన బట్ట

కాశీబుగ్గలో బస్సు దిగేసరికి జీడి తొక్కలు కాలుతున్న పొగ గాలిలో ఉంది. ముక్కు కన్నా ముందు నా ఒళ్ళు దాన్ని గుర్తుపట్టింది. రొమ్ముల కింద, పట్టీ ఆనే చోట, ఒక్కసారి చురుక్కుమంది. అక్కడ ఇప్పుడు ఏ పొక్కూ లేదు, మానిపోయి ఏళ్ళయింది. అయినా చెయ్యి దానంతటదే చున్నీ లోపలికి పోబోయింది. బజారు మధ్యలో నిలబడి దాన్ని వెనక్కి తీసుకున్నాను. ఎదురుగా సువార్తత్త కొట్టు ఉండే గదిలో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. రంగురంగుల కవర్ల వెనక, తెర కట్టుకోవడానికి ఆమె గోడకు కొట్టించిన మేకు మాత్రం అలాగే ఉంది.

ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలంటే ముందు గొంతు గురించి చెప్పాలి. ఆదివారం మా చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. అదే గొంతుతో, అంతే గట్టిగా, మిగతా రోజులన్నీ తన కొట్లో కూర్చుని బ్రా అనే మాట అనేది. ఆమె అమ్మేవి ఆడవాళ్ళ లోదుస్తులు మాత్రమే. అప్పటిదాకా ఆ మాట పైకి అనగా నేను వినలేదు. మా అమ్మ 'లోపల్ది' అనేది. కాలేజీలో ఆడపిల్లలం 'అది' అనుకునేవాళ్ళం. ఎవరూ చూడని నా డైరీలో కూడా నేను 'అది' అనే రాసుకున్నాను. మిగతా కొట్లలో అమ్మేది మగవాళ్ళు. సువార్తత్త గొంతుకు జంకి అమ్మ ఆ కొట్లకే వెళ్ళి, వేళ్ళతో గాలిలో ఏదో కొలత చూపించి, వాళ్ళు కాగితంలో చుట్టి ఇచ్చింది కొంగు కింద పెట్టుకుని వచ్చేసేది. అది నాకు పట్టినా పట్టకపోయినా నాదే.

నాన్న కిడ్నీ జబ్బుతో పోయాక, వజ్రపుకొత్తూరు వైపు ఉన్న మా ఊరు వదిలి, అమ్మా నేనూ కాశీబుగ్గలో ఒక వరుస ఇళ్ళలో గది అద్దెకు తీసుకున్నాం. అమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కోసే పనికి వెళ్ళేది. నేను రోజూ బస్సులో టెక్కలి వెళ్ళి డిగ్రీ చదివేదాన్ని. నాది చిన్నప్పటినుంచీ ఏదీ పడని చర్మం. కొత్త గాజులు వేసుకుంటే మణికట్టు ఎర్రగా తేలేది. రెండో ఏడు వేసవికి ముందు రొమ్ముల కింద, వీపు మీద, భుజాల మీద మంట మొదలైంది. కారం రాసినట్టు ఉండేది. చిన్న చిన్న నీటి పొక్కులు లేచి, చిట్లి, బట్టకు అంటుకునేవి. మందుల కొట్లో చెమటకాయలని అబద్ధం చెప్పి పౌడరు తెచ్చుకున్నాను. బస్సులో ఫైలు గుండెకు అడ్డం పెట్టుకుని, దాని అంచుతో దొంగచాటుగా గీరుకునేదాన్ని. పక్క సీటు పిల్ల ఒకసారి చూసి, "ఏటే, ఒంటి మీద సీమలు పాకినట్టు అలగ మెలికలు తిరుగుతున్నావు?" అంది. బస్సంతా నవ్వింది. ఆ మర్నాడు నేను కాలేజీకి వెళ్ళలేదు. తర్వాత కూడా వెళ్ళలేదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. చదువు మానేస్తానని అమ్మకు చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

అమ్మకు కోపం రాలేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది. "మానెయ్" అంది, కాళ్ళు కడుక్కుంటూ. "మానేసి నాతోపాటు పిక్కలకొచ్చీ. నాను పడతన్నది సాలదు గావాల."

అమ్మ చేతివేళ్ళు నల్లగా, తోలు లేచిపోయి ఉండేవి. ఆ చేతులు చూసి, ఇంకొక్కసారి ఏదైనా ప్రయత్నం చేద్దామనుకున్నాను. మిట్టమధ్యాహ్నం, బజారులో ఎవరూ లేనప్పుడు, సువార్తత్త కొట్టు మెట్లెక్కాను.

"అది కావాలండి" అన్నాను.

"అదంటే ఏటి?"

"లోపల్ది."

"లోపల్దంటే గుండెకాయా? నాకాడ నేదు." ఆమె కళ్ళజోడు పైనుంచి చూసింది. "పేరు సెప్పు గుంటా. పేరు సెప్పనోళ్ళకి నాను అమ్మను."

వెనక్కి తిరిగి పారిపోదామనుకున్నాను. రోడ్డు మీద సైకిలు మీద ఎవరో వెళ్తున్నారు. ఆ సైకిలు మలుపు తిరిగేదాకా ఆగి, ఆ మాట అన్నాను. నా గొంతులో అది ఎవరిదో పరాయి మాటలా వినిపించింది. ఏమీ జరగలేదు. సువార్తత్త తల ఊపింది. సైజు ఎంతని అడుగుతుందనుకుని సిద్ధంగా ఉన్నాను. ఆమె అడిగింది అది కాదు.

"ఎక్కడ నొప్పెడతన్నాది?"

నొప్పి మాట నేను ఎత్తనే లేదు. ఇంట్లో గానీ బయట గానీ ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు.

"ఫైలు సూడు, సంటిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నావు" అంది ఆమె. "సేతులు ఒంటికి ఆననీకుండా నిలబడ్డావు. నాకు కళ్ళు నేవేటి?"

తెర వెనక్కి తీసుకెళ్ళి, చూడొచ్చా అని అడిగి, చూసింది. తర్వాత కొలిచింది. నేను అంతవరకూ వేసుకున్నది నా కొలతే కాదు. "సెప్పులు కొన్నప్పుడు కాలెట్టి సూత్తావు కదా. ఇదేటి పాపం సేసింది?" అంటూ లేసు ఉన్నవి, స్పాంజి ఉన్నవి, బిగుతు ఎలాస్టిక్కువి అన్నీ పక్కకు తోసేసింది. మెత్తని నూలుది, వెడల్పు పట్టీలది, కొక్కేల వెనక గుడ్డ వేసి కుట్టినది ఒకటి తీసింది. వీపు మీద గీరుకునే చీటీ కత్తిరించేసింది.

"దీన్ని తిరగేసి ఏసుకో" అంది. "కుట్లన్నీ బయటికుండాల."

"బయటికి కనబడితే?"

"ఎవులికి కనబడతాది? నీ జాకెట్టు లోపలికొచ్చి ఎవులు సూత్తారు?"

అది కొత్తదే అయినా, అప్పటికే ఒకసారి ఉతికి ఉంది. చర్మానికి ఏదీ పడనివాళ్ళ కోసం ఆమె కొన్నిటిని ముందే ఉతికి ఆరబెట్టి ఉంచేదట. ఎక్కడ ఆరబెడతారని అడిగితే చెయ్యి పైకి చూపించింది. బయటికి వచ్చి తలెత్తి చూశాను. కొట్టు మీది డాబాపై, బజారులో అందరికీ కనబడేలా, తెల్లవీ గోధుమరంగువీ వరుసగా తీగ మీద ఎండలో ఊగుతున్నాయి. కింద టీ కొట్టు దగ్గర మగవాళ్ళు నిలబడి టీ తాగుతున్నారు. ఒక్కడూ పైకి చూడటం లేదు. నా ఒక్కదానికే చెవులు కాలిపోతున్నాయి.

ఆమె పంపిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఈసారి అబద్ధం చెప్పకుండా చూపించాను. ఆవిడ మందు రాసి, ఇది ఏదో ఒంటికి తగిలి వస్తున్నది, అదేదో కనిపెట్టమంది. పుళ్ళు మానేదాకా వదులు బనీనుతో ఉండి, తర్వాత సువార్తత్త ఇచ్చింది వేసుకున్నాను. దురద లేదు. కాలేజీకి వెళ్ళాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని, చాలాకాలానికి ఒక నవల చదువుకున్నాను. ఆ తర్వాత దాన్ని ఉతకడానికి వేశాను. ఆరిన తర్వాత మళ్ళీ వేసుకున్న రోజు, టెక్కలి చేరకముందే, మంట మొదలైంది.

అదే సాయంత్రం ఆమె కొట్లో నిలబడి ఏడ్చాను. "నా ఒళ్ళే మంచిది కాదత్తా" అన్నాను. అత్తా అని పిలవడం అదే మొదటిసారి.

"ఒళ్ళుని తిట్టకు. నాను ఉతికినప్పుడు బాగున్నాది. మీ ఇంటికాడ ఉతికితే మండతన్నాది. సబ్బేటి?"

చెప్పాను. ఆమె వాడేదీ అదే.

"ఎక్కడ ఆరేత్తన్నావు?"

"నేను కాదు. అమ్మ ఆరేస్తుంది."

ఆమె ఇంకేం అడగకుండా కొట్టు షట్టరు దించి, నడువు అంది.

మా వరుస ఇళ్ళన్నిటికీ కలిపి ఒకటే వాకిలి, ఒకటే తీగ. సాయంత్రమైతే మగవాళ్ళు అక్కడే మంచాలు వేసుకుని కూర్చుంటారు. అందుకని ఆ ఇళ్ళలో ఆడవాళ్ళందరూ చేసే పనే మా అమ్మా చేసేది. లోపల వేసుకునేది ముందు తీగ మీద వేసి, దాని మీద చీర కప్పి ఆరేసేది. సువార్తత్త నేరుగా తీగ దగ్గరికి వెళ్ళింది. అమ్మ అప్పుడే పని నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఈ సీర కిందేటున్నాది, వదినా?"

"ఏటుంటాది వదినా, బట్టలు" అంది అమ్మ, మంచాల వైపు చూస్తూ. మెల్లగా మాట్లాడమని కళ్ళతో బతిమాలింది.

"ఈ సీరేటి?"

"పన్లోకి కట్టుకుంతాను. రోజు మార్చి రోజు ఉతుకుతాను. ముతకది కదా, ఏదీ కనపడదని..."

సువార్తత్త చీర పైకి తీసింది. తెల్లని నూలు మీద గోధుమరంగు చుక్కలు ఉన్నాయి. అవి నేను ఎన్నోసార్లు చూశాను. కొక్కేల తుప్పు అనుకున్నాను. అమ్మ లేచి వచ్చి, ఆ చుక్కల మీద వేలు పెట్టి, అదే వేలితో తన పని చీర అంచు తడిమింది. మాకు ఎవరికీ అర్థం కాకముందే ఆమెకు అర్థమైంది. జీడి తొక్కలోంచి కారే సొనతో రోజంతా పని చేసే మనిషి కదా.

"ఇది సొన" అంది అమ్మ. "సబ్బుకి పోదు ఇది."

పని చీరలో ఇంకిన సొన, తడిగా ఉన్నప్పుడు, కింద ఉన్న బట్టకు దిగుతోంది. నా కోసం అమ్మ ఏది కప్పిందో అదే నన్ను కాలుస్తోంది. అమ్మ ఆ బ్రాను తీగ మీద నుంచి లాగి, రెండు చేతులా పట్టుకుని, వాకిలి మధ్యలో అలాగే నిలబడిపోయింది. మంచాల మీద మగవాళ్ళు తలలు తిప్పి చూశారు. అది ఎవరి కంటా పడకూడదని అన్నేళ్ళు జాగ్రత్తపడిన మా అమ్మ, ఇప్పుడు ఎవరు చూస్తున్నారో కూడా చూడటం లేదు.

"మగోళ్ళు సూత్తారని కప్పినాను" అంది. "పిల్ల పరువని కప్పినాను వదినా."

సువార్తత్త అమ్మను లోపలికి తీసుకొచ్చి తలుపు వేసింది. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె మళ్ళీ అదే ప్రశ్న, ఈసారి అమ్మను, అడిగింది. "మరి నీకెక్కడ నొప్పెడతన్నాది?"

అమ్మ నా వైపు చూసింది. గోడ వైపు తిరిగి జాకెట్టు కొక్కేలు తీసింది. వీపు మీద, చంకల కింద, రొమ్ముల కింద, పట్టీలు పట్టీలుగా నల్లబడిన చర్మం. కొన్ని చోట్ల పాతవి, కొన్ని చోట్ల ఇంకా పచ్చిగా. మేం ఒకే గదిలో పడుకుంటాం, ఒకే దుప్పటి కప్పుకుంటాం. నేను ఒక్కనాడూ చూడలేదు.

"పన్లోకెల్లే ఆడోళ్ళందరికీ ఇలగే ఉంటాది గావాల అనుకున్నాను" అంది అమ్మ, గోడకే చెబుతున్నట్టు. "దీనికి మందుంటాదని నాకు తెలీదు."

సువార్తత్త చాప మీద కూలబడింది.

మర్నాడు అమ్మను ఆమే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ తర్వాత పని చీరకు వేరే బకెట్టు, వేరే తాడు వచ్చాయి. అమ్మ ఇంటికి రాగానే చీర మార్చుకోవడం, నా బట్టలు నేనే ఉతుక్కోవడం అలవాటయ్యాయి. వాటిని మొదటిసారి ఏ కప్పూ లేకుండా తీగ మీద వేసిన పొద్దున, పక్కింటి ముసలమ్మ గుమ్మంలోంచి చూసి, "ఏటే రాహేలూ, జెండాలెగరేత్తన్నారు?" అని మా అమ్మను అడిగింది. అమ్మ ఆగకుండా, "అవునప్పా, మా ఇంటికాడ పండగ" అంది. అమ్మ అంత గట్టిగా జవాబివ్వడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ వేసవిలో పరీక్షలు అన్నీ రాశాను.

పుళ్ళు మానాక సువార్తత్త అమ్మను కొట్టుకు రమ్మంది. అమ్మ జన్మలో బ్రా వేసుకోలేదు, బిగుతు జాకెట్టే ఆమెకు తెలిసింది. తెర వెనక ఇద్దరూ చాలాసేపు గొణుక్కున్నారు, మధ్యలో నవ్వారు. తెర పక్కకు జరిగింది. అమ్మ భుజాలు కిందికి దిగి, మెడ పొడవైనట్టు కనిపించింది. రెండు చేతులూ గాలిలో అటూ ఇటూ ఆడించి చూసుకుంది.

"ఇలగ కూడా ఉంటాదా" అంది. అంతే. కళ్ళలో సంతోషం కన్నా దిగ్భ్రమ ఎక్కువగా ఉంది. ఒంటికి ఏదీ గుచ్చుకోకుండా ఉండటం ఆమెకు కొత్త.

సువార్తత్త కిందటేడాది వానల్లో పోయింది. నేను ఇప్పుడు టెక్కలిలో ఒక బడిలో టీచరును, అక్కడే గది తీసుకుని ఉంటున్నాను. ఇప్పటికీ నలుగురిలో నోరు విప్పలేను. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు తప్ప నా గొంతు నాకే వినపడదు. ఈ రోజు బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి అమ్మ ఇంకా పని నుంచి రాలేదు. వాకిట్లో, మా గది పక్కన కొత్తగా దిగిన వాళ్ళ పిల్ల బట్టలు ఆరేస్తోంది. ఇంటర్ చదువుతుందట. అటూ ఇటూ చూసి, ఏదో గబుక్కున తీగ మీద వేసి, దాని మీద వాళ్ళమ్మ పని చీర పరిచింది. పరుస్తూనే మోచేత్తో పక్కటెముకల దగ్గర ఒకసారి రుద్దుకుంది.

నేను సంచీ కింద పెట్టాను. మంచాల మీద మగవాళ్ళు ఉన్నారు. లోపలికి వెళ్ళిపోదామనే అనుకున్నాను. ఇంతలో వాకిలంతా వినబడేలా ఒక గొంతు, "ఈ సీర కిందేటున్నాది, గుంటా?" అంది. ఆ పిల్ల ఉలిక్కిపడి నా వైపు తిరిగాక గానీ, అది నా గొంతే అని నాకు తెలియలేదు.