కండ్లు పెట్టని ఓడ సిపాయిలు

ఆ పూట పోయినవి లెక్కిస్తే ఇరవై నాలుగు కాగితం బొమ్మలు, చిప్పెడు నీలం రంగు, మా బావ ముందరి పన్ను ఒకటి.

ఎల్లారెడ్డిలో నకాషీ బొమ్మలు వేసే బావ సముద్రం ఎన్నడూ చూడలేదు. సీసపు సిపాయి బొమ్మలను కూడబెట్టే ఒక సాహెబుకు, వాటికి ఏ రంగు వేయాలో తెలిసేలా, పాతకాలపు ఓడ సిపాయిల దుస్తులను కాగితాల మీద వేసిచ్చేవాడు. అన్నీ పూర్తయ్యాకే కండ్లు పెట్టేవాడు. పెడుతూ "లే బిడ్డా" అనేవాడు.

అది యుద్ధకాలం. మొదటి బొమ్మకు కండ్లు పెట్టగానే కబురొచ్చింది. పరాయి ఫౌజు బొమ్మలున్నాయని పోలీసు అమీన్ సోదాకు వస్తున్నాడట. అక్క మిగతావన్నీ పొయ్యిలో వేసింది. ఆ ఒక్కటీ బావ ఇవ్వలేదు.

"గదీ ఇయ్యి. నిన్ను జైల్ల ఏస్తే నా గతేంది?"

"కండ్లు తెరిచినోన్ని ఎట్ల కాలుస్తనే? సూస్తుండు!"

వాకిట్లో గుర్రం ఆగింది. బొమ్మ గుంజుకునే పెనుగులాటలో అమీన్ మోచెయ్యి తగిలి బావ ముందరి పన్ను ఊడింది, నీలం రంగు చిప్ప ఒలికిపోయింది. అమీన్ ఆ బొమ్మతోపాటు బావనూ కామారెడ్డి ఠాణాకు తీసుకుపోయాడు.

వారానికి తిరిగొచ్చి, బావ ఇరవై నాలుగూ మళ్లీ వేశాడు. కండ్లు మాత్రం పెట్టలేదు.

"ఇంకోసారి సోదాకొస్తే కాల్చనీకి రావాలె గద, బామ్మర్దీ" అన్నాడు.

వాటిలో ఏడు పక్కకు తిరిగిన ముఖాలు, వాటికి ఒక్కో కన్నే. సాహెబుకు నేటికీ నలభై ఒక్క కండ్లు బాకీ.