పీఠం మీది గొడ్డలి

ఇదలీనా చదివింది మూడో తరగతే. అయినా మరన్యావ్ సీమలో మా వాగు పొడవునా ఆమె అంతటి ఉపదేశి మరొకరు లేరు. ఫాదర్ ఏడాదికి రెండుసార్లు వచ్చే ఊళ్లో పద్దెనిమిదేళ్లు ఆదివారం ప్రార్థన ఒక్కటీ తప్పనివ్వలేదు. చావుబతుకుల్లో ఉన్న పదకొండుమంది పసికందులకు జ్ఞానస్నానం ఇచ్చింది. ముప్పైమంది ఆడవాళ్లకు సువిశేషంతోనే అక్షరాలు దిద్దించింది. పశువుల ఆసామి తిబూర్సియో బబాసు అనే తాటిజాతి చెట్ల తోపులకు ముళ్లకంచె వేస్తే, వాళ్లందరినీ కంచె దాటించి, వాళ్ల బతుకుతెరువైన కాయలు ఏరించిందీ ఆమే.

ఆ ఆగస్టులో కొత్త ఫాదర్ ఎవరిస్తో వచ్చాడు. సువిశేషాన్ని పేదా గొప్పా పోరుగా మార్చొద్దని రోము రాసిన పత్రం ఆయన సంచిలో ఉంది. ఇక్కడి ప్రార్థన ఆపించాలో లేదో తేల్చి రమ్మని బిషప్పుగారి ఆజ్ఞ.

పూజలో కానుకల వేళ ఆడవాళ్లు ఎప్పటిలాగే రొట్టెతోపాటు తమ పనిముట్లూ తెచ్చారు. గొడ్డలి, దుడ్డుకర్ర, నాలుగు కాయలు పీఠం మీద పెట్టారు. ఫాదర్ చేతులు ఆగిపోయాయి.

"ఈ గొడ్డలి ఎవరి మీదికి ఎత్తడానికమ్మా?"

కొత్తవాడికి కాయలు కొట్టే ఈ పని తెలియదన్న ఆలోచనే అప్పటిదాకా ఎవరికీ రాలేదు. ఫాదర్ చూపు ఇదలీనా నడుముకు వేలాడే గుడి తాళంచెవి మీద నిలిచింది. ప్రార్థన ఆపిస్తే ఆయన తీసుకుపోవాల్సింది దాన్నే. ఆమె గొడ్డలి అందుకుని అక్కడే నేలమీద చతికిలబడింది. పిడి తొడకింద నొక్కి, అంచు పైకి పెట్టి, దానిమీద కాయ ఉంచి కర్రతో ఒక్కటేసింది. సబ్బుకు నూనె తీసే పప్పు బయటపడింది.

"ఎత్తేది కర్ర, ఫాదర్‌గారూ. గొడ్డలి ఎప్పుడూ కిందే ఉంటుంది."

"పట్నంలో సబ్బు చెట్లకే కాస్తుంది కాబోలు," అని వెనక ముసలి రైముందా గొణిగింది. ఫాదర్ నవ్వలేదు. తిబూర్సియో మీద ద్వేషముందా అని అడిగాడు. లేదని చెబితే తాళంచెవి ఆమెకే దక్కేది.

"ఉంది. కంచెకు చెయ్యి చీరుకున్నప్పుడల్లా ఉంది. ఇంట్లో ఉంచుకుంటే పెరుగుతుందని ఇక్కడికి తెచ్చుకుంటున్నా."

"అతని కోసం ఎన్నడైనా ప్రార్థించావా?"

ఇదలీనా తల దించుకుంది. లేదంది. అడక్కముందే తాళంచెవి విప్పి పీఠం మీద పెట్టింది. ఫాదర్ దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు ప్రార్థించమన్నాడు, అందరికీ వినబడేలా.

ఆమె పీఠం వైపు తిరిగి మోకరించింది.

"ప్రభూ, తిబూర్సియోనూ అతని పిల్లల్నీ చల్లగా చూడు. రేపు మేం మళ్లీ కంచె దాటుతాం. అతని చేత తుపాకీ ఎత్తించకు."

ఆమెన్ అని ముందన్నది ఫాదరే. తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. గొడ్డలిని మాత్రం ఇకనుంచి పీఠం పాదాల దగ్గర, నేలమీద ఉంచమన్నాడు. ఇదలీనా దాన్ని అక్కడే పెట్టింది. దాని చోటు ఎలాగూ నేలే.