మధ్యరకం మిషన్ కోసం ఎనిమిది నెలలు

గ్రామఫోన్ రికార్డులు కడగడానికి ప్రత్యేకంగా ఒక మిషన్ ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియనన్నాళ్ళూ మేము సుఖంగానే ఉన్నాం. తెలిసింది నా వల్లే. అందుకే ఈ కథలో తిట్టవలసిన వాళ్ళ జాబితా నాతోనే మొదలవుతుంది.

పోయిన వేసవి సెలవుల్లో మా మేనత్త అటక మీది రేకుపెట్టె దింపించింది. అత్త నరసరావుపేటలో మా ఇంట్లోనే, కింది వాటాలో ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాల్లో పాడేది. మావయ్యకి గురజాలలో మైకుసెట్టు కొట్టు ఉండేది. మాచర్ల నుంచి కారెంపూడి దాకా పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ ఎలక్షన్లకీ ఆయన గొట్టం మైకులే మోగేవి. నాటకానికి మైకు కట్టడానికి పోయి పాడే మనిషినే కట్టుకొచ్చాడని మా వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

పెట్టెలో అడుగున గుడ్డలో చుట్టి ఒక చిన్న రికార్డు ఉంది. జానెడు కూడా లేదు. అత్త జీవితంలో ఇచ్చిన ఒకే ఒక్క రికార్డు అది. మద్రాసు వెళ్ళి ఏదో చిన్న కంపెనీకి పాడింది, ఆ పక్క ఒక పద్యం, ఈ పక్క ఒక పద్యం. మావయ్య హార్మోనియం. ఆ కాపీ తప్ప ఇంకొకటి లేదు.

దాని మీద బొట్టు ఉంది. మావయ్య దసరాకి ఆయుధపూజ బ్రహ్మాండంగా చేసేవాడు. ఆంప్లిఫయరుకి, గొట్టాలకి, ప్లేయరుకి, చివరికి వైర్ల చుట్టకి కూడా గంధం రాసి కుంకుమ పెట్టాల్సిందే. రికార్డులకైతే మధ్యలో కాయితం మీద పెట్టేవాడు. అత్త రికార్డుకి మాత్రం ముల్లు నడిచే నల్లటి గాళ్ళ మీదే, మొదటి పద్యం చివర్లో, కాయితానికి అర అంగుళం ఇవతల పెట్టాడు. ఏటా అక్కడే, పాతదాని మీద కొత్తది. భార్య రికార్డు కదా, మురిపెం కొద్దీ పెట్టుకున్నాడని అందరం అనుకున్నాం. ముల్లు ఆ బొట్టు దాకా వచ్చి ఎగిరి అవతల పడేది. ఆ పద్యం చివరి రాగం మా ఇంట్లో ఎవరమూ వినలేదు.

"ఏమే, దాన్ని ఒక్కసారి చివరి దాకా వినాలే. ఈ చెవి కూడా పోకముందే" అంది అత్త.

ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవిని చూసిన గుంటూరు డాక్టరు ఇదీ తగ్గుతూ పోతుంది, ఎన్నాళ్ళని చెప్పలేనన్నాడు. అంటే నాకు గడువు ఉందని తెలుసు. తెలిసే చేశాను చేసిందంతా.

పాత రేడియోలు బాగుచేసే ఆయనకి రికార్డు చూపించాను. ఆయన భూతద్దం పెట్టుకుని చూసి, "గంధం గాళ్ళల్లోకి దిగి గట్టిపడిందమ్మా. గోరు పెట్టారంటే గాడి పోద్ది. ఇట్టాటివి కడగటానికి మిషన్లు ఉంటయ్యంట, చూడండి" అన్నాడు. ఆ "చూడండి" అన్న మాట పట్టుకుని నేను చూడటం మొదలుపెట్టాను.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఏదైనా కొనాలంటే గళ్ళ కాయితం తీసి పట్టిక గీయడం నా జబ్బు. రికార్డు మిషన్లలో మూడు తరగతులున్నాయి. అడుగున రెండు మూడు వేల తొట్టి. అందులో నీళ్ళూ కడిగే మందూ పోసి, రెండు బ్రష్షుల మధ్య రికార్డు నిలబెట్టి చేత్తో తిప్పి, తీసి ఆరబెట్టుకోవాలి. పైన లక్ష దాటినవి, నీళ్ళలో కంటికి కనపడని బుడగలు పుట్టించి మురికి లేపేవి. మధ్యలో మోటారు ఉన్నవి. రికార్డుని అదే తిప్పుతుంది, మందు మనం పోసి బ్రష్షుతో రుద్దితే, ఒక గొట్టం వచ్చి ఆ మురికినీళ్ళని పీల్చేస్తుంది. తొట్టి చూస్తే మరీ చవక, ఉన్న ఒక్క రికార్డునీ దాని చేతిలో పెట్టబుద్ధి కాలేదు. లక్ష మన తాహతు కాదు. కాబట్టి మధ్యరకం అని పట్టిక మీద ఎర్ర సిరాతో రాసుకున్నాను.

మధ్యరకంలోనే ఏడు ఉన్నాయి. ఇక్కడే నా బతుకు బస్టాండ్ అయింది.

ఒక్కోదాని గురించి ఒక్కో దొర వీడియో పెట్టాడు. గడ్డం నిమురుకుంటూ అరగంట మాట్లాడి, అద్దంలా మెరిసే రికార్డుని తెచ్చి కడిగి, చూశారా ఎంత శుభ్రమైందో అంటాడు. ఒరేయ్ నాయనా, అది కడగకముందూ అట్లాగే ఉంది కదరా అని ఫోను మీద అరిచాను. వేలిముద్రలు పోతాయా, సిగరెట్టు పొగ పోతుందా అని అడిగిన వాళ్ళు వందల మంది. ముప్పై దసరాల గంధం పోతుందా అని అడిగింది నేనొక్కదాన్నే. నాకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. ఒకతను మాత్రం నవ్వుతున్న బొమ్మ పెట్టాడు.

మా ఆయనది పురుగుమందుల కొట్టు. రాత్రి అన్నం తింటూ నా పట్టిక చూసేవాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆవిడేమో ఊరికే వినాలంది. నువ్వు యుద్ధానికి పోతున్నావు. మా కొట్లో పవర్ స్ప్రేయర్ ఉంది, రెండు నిమిషాలు కొట్టిస్తా తీసుకురా" అన్నాడు. ఆ పూట అతనికి పెరుగు వెయ్యలేదు.

జూన్‌లో బడి తెరిచారు. జూలైలో ఒక మిషన్ ఖాయం చేసుకున్నాను. దాని మోటారు మన కరెంటుకి పనికి రాదని ఆగస్టులో తెలిసింది. ఇంకొకటి ఖాయం చేశాను. దాని పీల్చే గొట్టానికి అంటించే మఖ్మల్ పట్టీ అరిగితే ఇండియాలో దొరకదట. మూడోది బాగుంది, నలుగురు మెచ్చుకున్నారు, ఐదోవాడు మూడు నెలలకే నీళ్ళు కారుతున్నాయని రాశాడు. ఆ ఐదోవాడిని నమ్మాను. నాలుగు మంచి మాటలు పక్కనబెట్టి ఒక్క చెడ్డమాటను పట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చింది. ఈలోగా ఏ నీళ్ళు పోయాలన్నది ఇంకో తగాదా. మా బోరు నీళ్ళు పోస్తే గిన్నెలకే తెల్లటి చారలు పడతాయి, గాళ్ళలో సున్నం మిగులుతుంది. చివరికి బ్యాటరీల కొట్లో అమ్మే నీళ్ళ డబ్బాలు రెండు తెచ్చి పెట్టుకున్నాను. మిషన్ లేకుండా నీళ్ళు మాత్రం సిద్ధం.

అత్త వారానికోసారి మెట్ల దగ్గర నిలబడి కేకేసేది. "ఏమే, వచ్చిందా?"

"ఇంకా చూస్తున్నా అత్తా!"

దసరా వెళ్ళిన తర్వాత గమనించాను. ఆ జవాబు నేను రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది. దీపావళికి మూడుసార్లు.

ఆ రోజు భయమేసి, పట్టిక తీసుకెళ్ళి మా ఆయన ముందు పెట్టి, ఏదో ఒకటి నువ్వే చెప్పు, మధ్యరకంలో ఏది మంచిది అన్నాను. అతను మొదటిసారి ఎగతాళి చెయ్యకుండా మాట్లాడాడు. "చూడు, మా కొట్లో ఏ మందైనా మూడు రేట్లు పెడతాం. చవకది చూస్తే రైతుకి అనుమానం, ఖరీదైంది చూస్తే భయం. నడిమిది చూపిస్తే చానా తృప్తిగా కొనుక్కుపోతాడు. మాకు లాభమంతా దాని మీదే. పురుగుకి మాత్రం మూడూ ఒకటే." నెలల తరబడి నేను గీసిన గీతలన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. అయినా మధ్యరకమే కొన్నాను. ఐదు నెలలు లక్ష్మణరేఖలా గీసుకున్న ఎర్ర సిరా గీతను దాటడానికి నాకు అహం అడ్డొచ్చింది.

నవంబరులో మిషన్ వచ్చింది. ఇడ్లీపాత్రంత ఉంటుందనుకున్నాను, కూలర్ పెట్టెంత ఉంది. అందరం కింది వాటాలో చేరాం. నేను వంటింట్లోకి వెళ్ళి నీళ్ళ డబ్బా తెచ్చేలోపు అత్త చెయ్యాల్సిన పని చేసేసింది. కొత్త మిషన్ కదా! మూత మీద గంధం రాసి, కుంకుమ పెట్టి, ముందు ఒక నిమ్మకాయ పెట్టింది. గంధం వదిలించడానికి తెచ్చిన దానికి గంధం. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఏంది అట్టా చూస్తావ్, బొట్టు లేకుండా మొదలెడతారా?" అని నన్నే కోప్పడింది.

స్విచ్ వేశాను. నాలుగు మిక్సీలు ఒక్కసారి తిప్పినంత మోత. అత్త మొహం వెలిగింది. "ఇది బాగా వినబడుతుందే!" అంది.

అప్పుడు రికార్డు పెట్టాను. పీల్చే గొట్టం పెద్ద రికార్డుల కోసం చేసింది. దాని చీలిక కాయితం దగ్గర మొదలై పెద్ద రికార్డు అంచు దాకా సాగుతుంది. నా చిన్న రికార్డు మీద సగం చీలిక గాలిలో వేలాడుతోంది. గాలిని పీలుస్తోంది కానీ నీళ్ళని ముట్టుకోవడం లేదు.

ఆరు నెలలు. పట్టికలో పదిహేడు గళ్ళు. మోటారు శక్తి, మోత, బరువు, గ్యారంటీ అన్నీ రాశాను. రికార్డు వ్యాసం రాయలేదు. పదో తరగతి పిల్లలకి వృత్తాలు చెప్పే దాన్ని, చేతిలో ఉన్న వృత్తాన్ని ఒక్కసారి స్కేలు పెట్టి కొలవలేదు. అమ్మిన వాడికి ఫోన్ చేస్తే, "చిన్న రికార్డులకి చిన్న గొట్టం సెపరేట్ మేడం, తెప్పిస్తాం, మూడు వారాలు" అన్నాడు. మూడు వారాలు తొమ్మిది వారాలయ్యాయి. చేత్తో తుడుస్తానంటే నా చెయ్యే ఒప్పుకోలేదు. రేడియో ఆయన మాట, గాడి పోద్ది అన్న మాట, నన్ను పట్టుకుని ఊపేది.

ఆ తొమ్మిది వారాల్లో అత్త మెట్ల దగ్గర కేకెయ్యడం మానేసింది. ఒక ఉదయం కాఫీ ఇస్తూ ఏదో అడిగితే నా నోటి వైపు చూసింది. గుంటూరు తీసుకెళ్ళి చెవి మిషన్ పెట్టించాం. "పేలాలు ఏగినట్టుందే" అని తీసి గూట్లో పెట్టేసింది. మోత తెలుస్తుంది, మాట తెలియదు.

జనవరి చివర చిన్న గొట్టం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తని కూర్చోబెట్టి మొదలుపెట్టాను. బొట్టు మీద మందు పోసి పావుగంట నానబెట్టాను. మెత్తటి బ్రష్షుతో రెండు చుట్లు తిప్పానో లేదో, గంధం పాలమీగడలా లేచి వచ్చేసింది. ఎర్రటి నీళ్ళు. గొట్టం చేసింది ఆ నీళ్ళు పీల్చడం ఒక్కటే. ఆ పని తొట్టిలో ముంచి ఆరబెట్టినా అయ్యేది. మే నెలలో రెండు వేలు పెట్టి ఉంటే జూన్‌లో అయిపోయేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నేను ఎనిమిది నెలలు ఏ ఆకు మంచిదో చూస్తూ కూర్చున్నాను.

ప్లేయర్ మీద పెట్టి ముల్లు దించాను. అత్త గొంతు. ఇంత గొంతు ఆ చిన్న మనిషిలో ఎక్కడ పెట్టుకుందో!

"మొదలైందా?" అంది. తల ఊపాను.

పద్యం సాగింది. ఎప్పుడూ ఎగిరే చోటికి ముల్లు వచ్చింది. దాటింది. చివరి రాగం మెట్టు మెట్టుగా ఎక్కి, అక్కడ నిలబడి, దిగింది. హార్మోనియం ఆగింది. అది ఆగీ ఆగకముందే ఒక మగగొంతు, మైకు దగ్గర ఉండకూడని గొంతు, పట్టలేక అనేసింది: "శభాష్!"

మావయ్య. ఇరవై ఏళ్ళ తర్వాత. ఊరందరి గొంతులూ మైళ్ళ దూరం వినిపించిన మనిషి గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. ఒక టేపు లేదు. నేను నోరు తెరుచుకుని అత్త వైపు తిరిగాను.

"అన్నాడా?" అంది అత్త.

ఆవిడకు తెలుసు. మొదటినుంచీ తెలుసు.

"రికార్డింగాయన బండబూతులు తిట్టాడే. టైమైపోయింది, మళ్ళా తియ్యనన్నాడు. అట్టాగే అచ్చేశారు. ఈయనకి చచ్చేంత సిగ్గు. జనం వింటే నవ్వుతారని అక్కడ బొట్టు పెట్టటం మొదలెట్టాడు. ఊరూరా వన్స్‌మోర్లు కొట్టారు నాకు. ఈయన బాగుందన్నది అదొక్కసారే."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా అత్తా!" అని అరిచాను. నాకు నిజంగా కోపం వచ్చింది. ఆవిడ తన పద్యం వినాలనుకుంటోందని నేను పొరబడ్డాను. ఇదని చెప్పి ఉంటే ఆ రోజే తొట్టి కొనేదాన్ని, లేకపోతే నాలుకతో తుడిచేదాన్ని. ఆవిడ నా నోటి వైపు చూసి, "ఏందీ?" అంది. ఏం లేదని చెయ్యి ఊపాను. ఆవిడ చెప్పకపోతే మాత్రం? ఒక్కసారి వినాలే అంది. అది చాలదా?

"ఎట్టా అన్నాడే? గట్టిగానా?"

కుడి చెవి దగ్గర నోరు పెట్టి, ఆయన అన్నట్టే, నాకు చేతనైనంత గట్టిగా శభాష్ అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మళ్ళా పెట్టు. ఆయన అనేటప్పుడు చెయ్యెత్తు."

మళ్ళీ పెట్టాను. ఆవిడ ప్లేయర్ వైపు చూడలేదు, నా చేతి వైపే చూస్తూ కూర్చుంది. హార్మోనియం ఆగుతుండగా చెయ్యెత్తాను. అత్త పైట సర్దుకుంది.