బోటు వెనక సందులో మా జేజి చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంటివాళ్లెవరూ జమ్మలమడుగుకు బస్సులో పోయేవాళ్లు కారు. ఆ రోడ్డు మాతో కక్షలున్న ఎదుటి పార్టీ వాళ్ల ఊరి నడుమగా పోతుంది. మా జేజినాయనను, అంటే తాతను, వాళ్లు చంపింది ఆ రోడ్డు మీదే. అందుకని మేము మైలవరం డ్యాము నీళ్ల మీద మోటారు బోటులో ఆనకట్ట దాకా పోయి, అక్కడ జీపు ఎక్కేవాళ్లం. అప్పటికే మా పొలాలు కోర్టుల పాలయ్యాయి. వాళ్ల దారిన నడవబోమన్న పౌరుషం మాత్రం మిగిలింది. నాకు ఆస్తిగా దాన్నే నేర్పారు.

కాన్పుకు పుట్టింటికి వచ్చిన మా అత్తకు ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. జమ్మలమడుగు ఆసుపత్రికి తోడు పోను ఇంట్లో వేరే పెద్ద ఆడమనిషి లేక అత్త తల్లి, మా జేజే బయలుదేరింది. భర్త పోయిన మనిషి ఎదురు రాకూడదంటారు కనుక తలమీద కొంగు లాక్కొని బోటులో అందరికంటే వెనక కూర్చుంది. ఆమె కొంగు పట్టుకొని నేనూ ఎక్కాను.

సగం దూరం పోయాక ఇంజను కాగిపోయి ఆగింది. దానికి చల్లనీళ్లు తెచ్చే గొట్టం దగ్గర, బోటు వెనక చెక్కను ఆనుకొని ఉండే వంపు తిరిగిన ఇత్తడి ముక్క, ఎల్బో, విరిగిందని డ్రైవరు చెప్పాడు. గాలికి బోటు మెల్లగా ఒడ్డుకు కొట్టుకుపోయింది. అది ఎదుటి పార్టీ వాళ్ల గట్టు. అక్కడొకాయన డీజిల్ ఇంజనుతో మిరపతోటకు నీళ్లు తోడుతున్నాడు.

"ఏం దొరసానీ, దావ తప్పినారా?" అన్నాడు.

డ్రైవరు తల దించుకున్నాడు. జేజి కొంగు వెనక్కి తీసి లేచి నిలబడింది.

"తప్పలేదప్పా. నా బిడ్డకు శానా కష్టంగా ఉండాది. నీ ఇంజనుకుండే ఎల్బో ఇయ్యి. సాయంత్రానికి కొత్తది పంపిస్తా."

ఆ గొంతులో ప్రాధేయపడటం లేదు, పెత్తనమూ లేదు. ఆయన మూలుగుతున్న అత్తవైపు చూశాడు. తన ఇంజను ఆపి ఎల్బో విప్పుకొచ్చాడు.

బిగించడమే కష్టమైంది. ఇంజనుకూ వెనక చెక్కకూ మధ్య సందు చాలా ఇరుకు. డ్రైవరు చెయ్యి మోచేతి దగ్గరే ఆగింది, ఆయన చెయ్యీ అంతే. నా చెయ్యి అందదు. అత్త చేతులనిండా సీమంతం గాజులు. జేజి బోటు అడుగున నిలిచిన నూనె నీళ్లలో బోర్లా పడుకుంది. పరాయివాళ్ల ముందు నేలమీద కూర్చోవడం కూడా ఎరగని మనిషి. బక్కచిక్కిన ఆ బోసి చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది.

ఆయన నడుము లోతు నీళ్లలో నిలబడి చెప్పసాగాడు. "ముందు విరిగింది ఊడదీయి పెద్దమ్మా. ఇప్పుడు కొత్తది పెట్టి కుడికి తిప్పు. మర పడితే చేతికే తెలుస్తాది."

"పడిందిలేప్పా. గాజులుండింటే ఈ చెయ్యి దూరేదే కాదు."

ఆ గాజులు ఎవరివల్ల పోయాయో ఇద్దరికీ తెలుసు. ఇంజను అందుకున్నాక ఆయన భుజంతో బోటును లోతుకు నెట్టి, "కాన్పయినంక కబురు పంపు" అన్నాడు.

అత్త, బిడ్డ ఇద్దరూ దక్కారు. "బిడ్డను ముందు మా అమ్మకే ఇయ్యండి" అని అత్త పట్టుబట్టింది. నూనె మరకలు ఇంకా వదలని చేతులతోనే జేజి ఎత్తుకుంది. సాయంత్రం డ్రైవరు చేత కొత్త ఎల్బోతో పాటు చక్కెర కూడా పంపింది. మా చిన్నాయన గొణిగితే, "నోరు తీపి చేసుకునేదానికి పార్టీ యాడిదిరా?" అంది.

ఇప్పుడు మాకు పొలమూ లేదు, మేడా లేదు. నేను ఎవరి ముందూ నడుము వంచను. కానీ అవసరం పడితే, ఎదుటివాడు ఏ పక్షం వాడైనా, లేచి నిలబడి ముఖం చూసి 'అప్పా' అని పిలిచి అడుగుతాను. లేదన్నవాళ్లూ ఉన్నారు. అడిగినందుకు నేను చిన్నబోయిన రోజు మాత్రం ఒక్కటీ గుర్తు లేదు.